వానరోజు స్కాట్లాండ్ ఉత్తరాన మోటార్‌హోమ్ నడపడం: లెయిర్గ్ నుంచి డర్‌నెస్ దాకా సమగ్ర మార్గదర్శి

స్కాటిష్ హైల్యాండ్స్‌లో ఏ838 రోడ్డు లెయిర్గ్ ఊరి పైనుంచి మొదలై ఉత్తర సముద్రతీరాన ఉన్న డర్‌నెస్‌కు చేరుతుంది. లెయిర్గ్ నుంచి లెక్కేస్తే సుమారు 56 మైళ్లు, అంటే 90 కిలోమీటర్లు. చాలా భాగం సింగిల్ ట్రాక్. ఎటు వెళ్లే బండికైనా ఒకటే వరుస తారు, ఎదురుపడినప్పుడు తప్పుకోవడానికి అక్కడక్కడా పాసింగ్ ప్లేసులు.

ఎండరోజున కొంచెం ఓపిక ఉంటే చాలు, ఈ దారి గడిచిపోతుంది. ముసురు పట్టినరోజు లెక్క వేరు. తారు పక్కన కనిపించే పచ్చటి మార్జిన్ గట్టి నేల కాదు, నీళ్లు తాగిన ఊబి నేల. మోటార్‌హోమ్ అంటే మంచాలు, వంటగది ఉన్న ఇల్లులాంటి బండి. ఆ మూడున్నర టన్నుల బండి ఎడమ చక్రం అందులోకి దిగితే ఆ రోజు ప్రయాణం అక్కడితో సరి. కింద చెప్పే జాగ్రత్తల్లో సగం ఆ ఒక్క చక్రం కోసమే.

లండన్, మాంచెస్టర్ వైపు నుంచి పిల్లలతో వెళ్లే తెలుగు కుటుంబాలకూ, ఇండియా నుంచి వచ్చి ఇన్వర్‌నెస్‌లో బండి అద్దెకు తీసుకునేవాళ్లకూ సరిపోయేలా రాశాం.

1. లైసెన్సు, బరువు, కొలతలు

బండి బుక్ చేసేముందే వీటిని తేల్చుకోవాలి.

ఇండియా లైసెన్సుతో వచ్చిన సందర్శకులు బ్రిటన్‌లో అడుగుపెట్టిన రోజు నుంచి 12 నెలలపాటు 3,500 కిలోల లోపు బండి నడపవచ్చు. 1997 జనవరి 1 తర్వాత అక్కడే కారు టెస్టు పాసైనవాళ్లకూ మామూలుగా అదే హద్దు. ఈ 3,500 కిలోలు ఖాళీ బండి బరువు కాదు. మనుషులు, నీళ్లు, గ్యాసు, సామాను అన్నీ కలిపిన గరిష్ఠ బరువు. బండి ప్లేటు మీద రాసి ఉంటుంది.

బరువు దాటించేది సాధారణంగా నీళ్ల ట్యాంకు, ఆ తర్వాత బియ్యం బస్తా. 100 లీటర్ల నీళ్లంటే 100 కిలోలు. దారిలో వాడుకోవడానికి 30, 40 లీటర్లు చాలు, మిగతాది క్యాంప్‌సైట్‌లో నింపుకోవచ్చు.

బండి ఎత్తు, వెడల్పు, పొడవు ఒక కాగితం మీద రాసి స్టీరింగ్ దగ్గర అంటించండి. వెడల్పు అద్దాలతో కలిపి ఎంతో కూడా రాయండి. ఎత్తు మీటర్లలోనూ అడుగుల్లోనూ ఉండాలి.

సైజు విషయంలో మా మాట: ఈ దారికి 6 మీటర్ల వ్యాన్ రకం చాలు. ఏడున్నర మీటర్ల బండిలో మంచాలు విశాలంగానే ఉంటాయి, కానీ పాసింగ్ ప్లేసులోకి వెనక్కి పోవాల్సి వచ్చినప్పుడు ఆ సౌఖ్యం గుర్తుండదు.

అద్దె ఒప్పందంలో టైర్లు, అద్దాలు, పైకప్పు, అడుగుభాగం బీమాలోకి వస్తాయో లేదో విడిగా అడగండి. ఇలాంటి రోడ్డు మీద దెబ్బ తగిలేది ఈ నాలుగింటికే.

2. బయల్దేరాలా, ఆగాలా

వాన ఒక్కటే అయితే వెళ్లవచ్చు. గాలి తోడైతే ఆలోచించాలి. ముందురోజు రాత్రి ఒకసారి, పొద్దున మరోసారి ఇవి చూడండి:

- మెట్ ఆఫీస్ (బ్రిటన్ వాతావరణ శాఖ) హెచ్చరికలు: పసుపు, ఆంబర్ (నారింజ), ఎరుపు. వానకు పసుపైతే జాగ్రత్తతో వెళ్లవచ్చు. ఆంబర్ అయితే క్యాంప్‌సైట్ వదలొద్దు.
- గాలి విసురు: సూచనలో సగటు వేగం కాదు, విసురు అంకె చూడండి. గంటకు 45 మైళ్లు దాటేలా ఉంటే ఎత్తైన బండితో బయల్దేరకండి. ఇది చట్టం పెట్టిన గీత కాదు, మా గీత.
- సెపా వరద హెచ్చరికలు: స్కాట్లాండ్ పర్యావరణ సంస్థ ఇస్తుంది.
- ట్రాఫిక్ స్కాట్లాండ్: వంతెనల మీద గాలి ఆంక్షలు ఇందులో తెలుస్తాయి.
- పొద్దు: డర్‌నెస్ 58 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి ఉంది. జూన్‌లో రాత్రి పది దాటినా వెలుగుంటుంది. డిసెంబరులో మధ్యాహ్నం మూడున్నరకల్లా పొద్దు గూకుతుంది.

సమయం లెక్క ఇలా వేసుకోండి. తడి సింగిల్ ట్రాక్ మీద గంటకు 20 మైళ్లకు మించి సగటు రాదు. 56 మైళ్లకు మూడు గంటలు, ఆగినవి వేరే. మ్యాప్ యాప్ చూపించే సమయం కారుదని గుర్తుంచుకోండి.

3. ముందురోజు చేయాల్సిన పనులు

టైర్లతో మొదలుపెట్టండి. చట్టప్రకారం గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. వానలో ఈ దారి పట్టాలంటే 3 మిల్లీమీటర్లకు తగ్గొద్దు. గాలి ఎంత పెట్టాలో డ్రైవరు తలుపు దగ్గరున్న ప్లేటు చూసి, టైర్లు చల్లగా ఉన్నప్పుడే పట్టించండి. కారుకు పెట్టే 32, 35 పీఎస్ఐ వీటికి చాలదు.

స్టెప్నీ ఉందో లేదో కళ్లారా చూడండి. చాలా మోటార్‌హోముల్లో ఉండదు, దాని బదులు పంక్చర్ ద్రవం, చిన్న గాలి పంపు ఇస్తారు. టైరు పక్కగోడ చీలితే ఆ ద్రవం పనికిరాదు. తారు అంచున ఉన్న గుంటలు చీల్చేది ఆ పక్కగోడనే.

తర్వాత అద్దాలు. ఖాళీ పార్కింగ్ స్థలంలో తెల్లగీత పక్కన బండి ఆపి, ఎడమవైపు కింది చిన్న అద్దాన్ని వెనుక చక్రం, దాని పక్కన నేల కనిపించేదాకా కిందికి వంచండి. గీతకు చక్రం ఎంత దూరంలో ఉందో దిగి చూసి మళ్లీ ఎక్కండి. ఇలా నాలుగైదుసార్లు చేస్తే ఎడమ చక్రం ఎక్కడుందో కంటికి అలవాటవుతుంది. పదిహేను నిమిషాల పని. ఈ జాబితా మొత్తంలో ఒక్కటే చేయగలిగితే ఇదే చేయండి.

డీజిల్ ఇన్వర్‌నెస్‌లోనో, లెయిర్గ్ దారిలోని టైన్‌లోనో నిండుగా పట్టించండి. 'దారిలో దొరుకుతుందిలే' అనుకోవద్దు. అక్కడి బంకుల్లో డీజిల్ పైపు పిడి నల్లగా, పెట్రోలుది ఆకుపచ్చగా ఉంటుంది.

బండిలో ఉండాల్సినవి:

- వైపర్ నీళ్లు నిండుగా, ఇంకో డబ్బా అదనంగా
- అద్దాలు, వెనుక కెమెరా తుడిచే మెత్తటి గుడ్డలు రెండు
- పసుపురంగు రిఫ్లెక్టర్ కోటు ఇద్దరికి, తలకు పెట్టుకునే టార్చి
- గమ్‌బూట్లు, పొట్టి పార
- చక్రాల కింద వేసే పట్టు మ్యాట్లు రెండు (పాత కారు రబ్బరు మ్యాట్లయినా ఫరవాలేదు)
- ముందు బంపరులో బిగించే లాగుడు కొక్కెం, అది ఏ అరలో ఉందో తెలిసి ఉండటం
- కాగితం మ్యాపు, ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకున్న ఆఫ్‌లైన్ మ్యాపు
- ఒకపూట తిండి, ఫ్లాస్కు నిండా వేడినీళ్లు

ఫోన్ సిగ్నల్ ఈ దారిలో చాలాచోట్ల ఉండదు. బ్రిటన్ సిమ్ ఉంటే 'రిజిస్టర్' అనే ఇంగ్లిష్ మాటను అత్యవసర నంబరు 999కి మెసేజ్ పంపి, ఆపదలో మెసేజ్‌తో సాయం అడిగే సేవకు ముందే నమోదు చేసుకోండి. మాట వెళ్లనంత బలహీనమైన సిగ్నల్‌లోనూ మెసేజ్ వెళ్లే అవకాశం ఉంటుంది.

4. పొద్దున పది నిమిషాలు

ఈ వరుసలోనే చేయండి. వరుస మారితే ఏదో ఒకటి మిగిలిపోతుంది.

1. లోపల గిన్నెలు, సీసాలు, లాప్‌టాప్ అన్నీ అరల్లో పెట్టి గొళ్లాలు వేయాలి.
2. పైకప్పు కిటికీలు మూసి, చేత్తో నొక్కి చూడాలి. సగం మూసినది వానలో పరుపు తడిపేస్తుంది, గాలికి ఊడిపోతుంది కూడా.
3. గ్యాసు సిలిండర్ దగ్గరే కట్టేయాలి. బండి నడుస్తుండగా గ్యాసు హీటర్ వాడాలంటే, ఢీకొంటే గ్యాసును ఆపేసే ప్రత్యేక రెగ్యులేటర్ ఉండాలి. అది ఉందని ఖాయంగా తెలియకపోతే కట్టేయడమే.
4. ఫ్రిజ్ 12 వోల్టులకు మార్చాలి, తలుపు గొళ్లెం వేయాలి.
5. కరెంటు కేబుల్ తీసి తుడిచి చుట్టాలి.
6. మెట్టు లోపలికి మడవాలి. సింగిల్ ట్రాక్ మీద బయటికి పొడుచుకొచ్చిన మెట్టు ఎదుటి బండికి తగులుతుంది.
7. బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేయాలి. టైర్లు, లైట్లు, గుడారపు పందిరి, బండి కింద మరచిన దిమ్మెలు చూసుకోవాలి.
8. హెడ్‌లైట్లు చేత్తోనే వేయాలి. చాలా బండ్లలో పగటి లైట్లు ముందు మాత్రమే వెలుగుతాయి, వెనుక ఎరుపు దీపాలు వెలగవు. ముసురులో వెనుకవాడికి మీరు కనపడరు.

అద్దాలకు ఆవిరి పడితే హీటర్ ఒక్కటే వేస్తే చాలదు, ఏసీ కూడా నొక్కండి. లోపలి తేమను పీల్చేది ఏసీయే. చలిరోజున ఏసీ ఏమిటని చాలామంది ఈ మీట జోలికి పోరు, దారంతా గుడ్డతో అద్దం తుడుస్తూ కూర్చుంటారు.

5. ఇన్వర్‌నెస్ నుంచి లెయిర్గ్

ఈ భాగం తేలికే. ఏ9 మీద టైన్ దాకా, అక్కడ కాస్త దాటి డార్నాక్ ఫర్త్ వంతెన రాకముందే ఎడమకు తిరిగి ఏ836 మీద ఆర్డ్‌గే, బోనార్ బ్రిడ్జ్ మీదుగా లెయిర్గ్. మొత్తం 60 మైళ్లకు కాస్త తక్కువ. గాలిరోజున కెస్సాక్, క్రోమార్టీ వంతెనలు ఎలాగూ దాటాలి, ఈ దారిలో డార్నాక్ వంతెన తప్పుతుంది.

ఏ9 మీద ఖాళీ బరువు 3.05 టన్నులు దాటిన మోటార్‌హోముకు మామూలు రెండు వరుసల రోడ్డులో హద్దు గంటకు 50 మైళ్లు, అంతకు లోపైతే 60. వానలో ముందు బండికీ మీకూ నాలుగు సెకన్ల దూరం ఉంచండి. ముందు బండి దాటిన స్తంభాన్ని మీరు దాటేలోపు నాలుగు లెక్కపెట్టగలగాలి.

లెయిర్గ్‌లో ఒకసారి ఆగి టాయిలెట్, టీ పనులు చూసుకుని, కెమెరా తుడిచి, అప్పుడు ముందుకు కదలండి.

6. సింగిల్ ట్రాక్ మీద నడిపే పద్ధతి

మన దగ్గరా ఎడమవైపే నడుపుతాం కనుక ఇండియా నుంచి వచ్చినవాళ్లకు ఇక్కడ చక్రం తిప్పడం కొత్త కాదు. కొత్తగా నేర్చుకోవాల్సింది ఒకటి, మరచిపోవాల్సింది ఒకటి ఉన్నాయి.

మరచిపోవాల్సింది: ఎదురుగా బండి వస్తే ఎడమ చక్రాలు మార్జిన్‌లోకి దింపి దారివ్వడం. పల్లె రోడ్ల మీద మనకు అది చేతికి అలవాటైన పని. ఇక్కడ పనికిరాదు.

నేర్చుకోవాల్సింది: తారు నడిమధ్యన నడపడం. రోడ్డు 3 మీటర్లు, బండి 2.3 మీటర్లు అనుకుంటే రెండు పక్కలా మిగిలేది 35 సెంటీమీటర్లే. ఎడమకు అంటిపెట్టుకుని నడిపితే అదీ ఉండదు. నడిమధ్యన సాగిపోండి. తప్పుకోవడం పాసింగ్ ప్లేసులోనే జరగాలి.

పద్ధతి ఇదీ:

1. చూపు రోడ్డు మీద దగ్గరగా కాదు, దూరంగా ఉండాలి. కనిపించే చివరి వంపు దాకా ఎదురు బండ్లు వెతకండి. వానలో ముందు కనపడేది లైట్లే.
2. రాబోయే పాసింగ్ ప్లేసు తెల్ల బోర్డును గుర్తు పెట్టుకోండి. వెనుక వదిలేసినది ఎంత దూరంలో ఉందో కూడా లెక్కలో ఉంచుకోండి. పక్క సీట్లో ఉన్నవాళ్లు 'ముందు ఎడమ', 'ముందు కుడి' అని చెబుతూ పోతే సగం భారం తగ్గుతుంది.
3. ఎదురు బండి కనపడగానే ఎవరు ముందు పాసింగ్ ప్లేసు చేరతారో అంచనా వేయండి. అనుమానముంటే మీరే ఆగండి.
4. పాసింగ్ ప్లేసు ఎడమవైపు ఉంటే అందులోకి వెళ్లి ఆగాలి.
5. కుడివైపు ఉంటే దానికి ఎదురుగా, మీ వైపే తారు మీద ఆగాలి. ఎదుటివాడు ఆ ఖాళీలోంచి చుట్టి వెళ్తాడు. మీరు కుడివైపుకు దాటకూడదు.
6. ఎత్తు ఎక్కుతూ వచ్చే బండికి వీలైనంతవరకు దారివ్వాలి.
7. దాటాక చెయ్యి ఎత్తి పలకరించాలి. ఇక్కడ అది మర్యాద, హారన్ కొట్టడం కాదు.

లైటు కొట్టడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన రోడ్ల మీద హెడ్‌లైటు కొడితే 'ఆగు, నేనొస్తున్నా' అని అర్థం. అక్కడ పాసింగ్ ప్లేసులో ఆగినవాడు లైటు కొడితే 'ఆగాను, నువ్వు రా' అని. హైవే కోడ్ (బ్రిటన్ రోడ్డు నియమాల పుస్తకం) మాత్రం లైటు 'నేనిక్కడ ఉన్నాను' అని చెప్పడానికే అంటుంది, కానీ రోడ్డు మీద వాడుక ఇదీ. మీరు మన అర్థంతో లైటు కొట్టి ముందుకు దూసుకెళ్తే, ఎదుటివాడు 'రమ్మంటున్నాడు' అనుకుని తనూ వస్తాడు. ఇద్దరూ రెండు పాసింగ్ ప్లేసుల నడుమ ముక్కుకు ముక్కు ఆనించి నిలబడతారు.

వెనుక బండి చేరితే దానికీ దారివ్వాలి. వెనుక ఉన్నది ఊరి నర్సో, స్కూలు వ్యానో, చేపల లారీయో కావచ్చు. వాళ్లకిది పనికి పోయే దారి. ఎడమవైపు పాసింగ్ ప్లేసు రాగానే ఎడమ సిగ్నలు వేసి లోపలికి వెళ్లండి.

పాసింగ్ ప్లేసులో బండి నిలిపి ఫొటోలు తీయడం, టీ కాచుకోవడం కూడదు. వానలో దాని లోపలి అంచు గులకరాళ్లతో గుంటపడి ఉంటుంది. బండి మొత్తం దూర్చనక్కర్లేదు, చక్రాలు తారు మీద ఉండేంతవరకు చాలు.

వెనక్కి పోవాల్సి వస్తే: కెమెరా అద్దానికి బురద పట్టి ఉంటుంది, నమ్మకండి. ఒకరు రిఫ్లెక్టర్ కోటు వేసుకుని దిగి, డ్రైవరు వైపు అద్దంలో కనపడేలా నిలబడి సైగ చేయాలి. ఆ మనిషి అద్దంలో కనపడకపోతే వెంటనే ఆపేయాలి. స్టీరింగ్ కొంచెం కొంచెమే తిప్పండి. వెనక్కి పోయేటప్పుడు వెనుక చక్రం దాటి బయటికి ఉన్న తోక భాగం మీరు తిప్పినవైపే మళ్లుతుంది, బండి ముక్కు అవతలివైపు ఊగుతుంది, బోర్డు స్తంభాలకు తగిలేవి ఇవే.

7. వాన తెచ్చే చిక్కులు

రోడ్డు మీద నీళ్లు నిలిస్తే: లోతు తెలియని నీళ్లలోకి దిగొద్దు. పారే నీళ్లు 30 సెంటీమీటర్లుంటే మామూలు కారు తేలిపోతుంది. మోటార్‌హోము బరువెక్కువ కదా అని ధైర్యం వద్దు, గ్యాసు లీకైతే కిందికి పోవడానికి దాని నేలలోనే రంధ్రాలు పెట్టి ఉంటారు. నీళ్లు అక్కడినుంచే లోపలికి వస్తాయి. చిన్న మడుగైతే రోడ్డు మధ్యభాగం మీదుగా, మొదటి గేరులో, ఆగకుండా మెల్లగా దాటండి. దాటాక బ్రేకు నాలుగైదుసార్లు తేలిగ్గా నొక్కి ఆరబెట్టండి.

స్టీరింగ్ తేలికైపోయినట్టు అనిపిస్తే: టైరు నీటిపొర మీద తేలుతోందన్నమాట. ఏ9 మీద జరగవచ్చు. బ్రేకు తొక్కొద్దు. ఎక్స్‌లరేటర్ మీంచి కాలు మెల్లగా తీయండి.

పశువుల జాలీలు: రోడ్డుకు అడ్డంగా ఇనుప గొట్టాలు పరిచి ఉంటాయి. తడిస్తే సబ్బులా జారుతాయి. జాలీ రాకముందే వేగం తగ్గించి, దాని మీద బ్రేకూ తిప్పడమూ లేకుండా నేరుగా దాటాలి.

గొర్రెలు, జింకలు: వానలో తారు మీదే పడుకునే గొర్రెలుంటాయి. ఏప్రిల్, మే నెలల్లో తల్లి ఒకవైపు, పిల్ల మరోవైపు ఉంటే పిల్ల పరుగెత్తుకొస్తుందనే అనుకోండి. ఎర్ర జింక ఒకటి దాటితే వెనుక ఇంకొకటి ఉంటుంది. పొద్దున, సందెవేళ మరీ జాగ్రత్త.

దిగుడు: బ్రేకు నొక్కిపట్టి దిగితే వేడెక్కి పట్టు తగ్గుతుంది. రెండో గేరులో దిగండి. ఆటోమేటిక్ అయితే మాన్యువల్ పద్ధతిలోకి మార్చుకోండి.

పొగమంచు: వంద మీటర్ల లోపే కనిపిస్తుంటే వెనుక ఫాగ్ లైటు వేయండి. తెరిపి ఇవ్వగానే తీసేయండి, లేదంటే వెనుకవాడి కళ్లు మూతపడతాయి.

8. దారి, మజిలీలుగా

లెయిర్గ్ దాటిన రెండు మైళ్లకు రోడ్డు చీలుతుంది. నేరుగా పోయే ఏ836 ఆల్ట్‌నహారా వైపు, ఎడమకు పోయే ఏ838 మనది. వానలో ఈ బోర్డు తప్పిపోయేవాళ్లున్నారు.

అక్కడినుంచి లాక్ షిన్ సరస్సు మీకు ఎడమచేతి వైపు చాలాసేపు వెంట వస్తుంది. దాదాపు 17 మైళ్ల పొడవు. ఎదురుగాలి లేకపోయినా నీటి మీంచి పక్కగాలి తగులుతుంది, చెట్లు అయిపోయి ఖాళీ వచ్చినచోట బండి ఒక్క కుదుపు కుదుపుతుంది. స్టీరింగ్ రెండు చేతుల్తో పట్టుకోవాల్సిన భాగం ఇదే.

తర్వాత లాక్ మెర్క్‌లాండ్, లాక్ మోర్, అచ్‌ఫరీ, లాక్ స్టాక్. అచ్‌ఫరీలో టెలిఫోన్ బూత్ ఎర్రగా కాకుండా నలుపు తెలుపుల్లో ఉంటుంది. పిల్లలు బండిలో విసిగిపోయి ఉంటే వెతకమని చెప్పండి. వంపులు ఇక్కడ ఎక్కువ, గుట్టల మీంచి జారే నీళ్లు రోడ్డుకు అడ్డంగా పారుతుంటాయి.

లెయిర్గ్ నుంచి సుమారు 37 మైళ్లకు లాక్స్‌ఫర్డ్ బ్రిడ్జ్. కుడికి తిరగాలి. ఇక్కడినుంచి రికోనిక్ వైపు కొంతమేర రోడ్డు వెడల్పుగా రెండు వరుసలుంటుంది. ఊపిరి పీల్చుకోవచ్చు, వేగం మాత్రం పెంచొద్దు. వెడల్పు ఉన్నట్టుండి అయిపోతుంది.

రికోనిక్ తర్వాత బయలు నేల. గ్వాలిన్ అనే మిట్ట ఎక్కి దిగితే కైల్ ఆఫ్ డర్‌నెస్ ఇసుక తిన్నెలు, ఆపై డర్‌నెస్. చివరి 14 మైళ్లలో అలసట వల్ల జరిగే పొరపాట్లే ఎక్కువ. రికోనిక్ దగ్గర పది నిమిషాలు ఆగి, వీలైతే డ్రైవరు మారండి.

వానరోజున మోటార్‌హోముతో పోకూడని పక్కదారులు రెండు. కైల్‌స్కూ, లాక్‌ఇన్వర్‌ల మధ్య డ్రమ్‌బెగ్ మీదుగా పోయే బీ869 ఒకటి. దక్షిణాన ఆపిల్‌క్రాస్ దగ్గరి బెలాక్ న బా కనుమ రెండోది. నావిగేషన్ దగ్గరి దారని చూపించినా సరే.

9. బండి లోపలి తడి, వంట

వానలో బయటి నీటికన్నా లోపలి ఆవిరి ఎక్కువ బాధిస్తుంది. నలుగురు మనుషులు, తడి బట్టలు, ఒక కుక్కరు చాలు. కిటికీల మీంచి నీళ్లు కారతాయి, పరుపు అడుగు చెమ్మగిల్లుతుంది.

- తడి కోట్లు స్నానాల గదిలో వేలాడదీసి, తలుపు మూసి, దాని పైకిటికీ కొంచెం తెరవండి. కారిన నీళ్లు జాలీలోకి పోతాయి.
- బూట్లకు తలుపు దగ్గర ఒక ప్లాస్టిక్ ట్రే.
- కుక్కరు విజిళ్లు ఆ రోజుకు మానండి. పొద్దున క్యాంప్‌సైట్ వంటగదిలో పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకోండి. దారిలో వేడిగా కావాలంటే ఫ్లాస్కు నీళ్లతో ఇన్‌స్టంట్ ఉప్మా చాలు.
- పొయ్యి వెలిగిస్తే పైకిటికీ తెరిచే ఉండాలి. చలి కాచుకోవడానికి పొయ్యి వెలిగించడం ప్రాణాంతకం, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. అలారం మీట నొక్కి పనిచేస్తోందో లేదో చూడండి.
- చలికాలమైతే ప్రొపేన్ సిలిండరే తీసుకోండి. సున్నా డిగ్రీల దగ్గర బ్యూటేన్ ఆవిరి కాదు, పొయ్యి వెలగదు.

10. రాత్రి బస

స్కాట్లాండ్‌లో ఎక్కడైనా తిరగవచ్చన్న హక్కు నడిచేవాళ్లకు, సైకిళ్లకు, గుడారాలకు వర్తిస్తుంది. మోటారు బండ్లకు కాదు. ముందే బుక్ చేసుకోండి, గట్టినేల స్థలం కావాలని అడగండి.

గడ్డి తప్పకపోతే లోపలికి వెళ్లేముందు దిగి నడవండి. బూటు గుర్తులో నీరూరితే అక్కడ వద్దు. అద్దె మోటార్‌హోముల్లో ఎక్కువ భాగం ముందు చక్రాలతో నడిచేవే, తడిగడ్డి మీద ఎత్తు ఎక్కలేవు. బండి ముక్కు పల్లం వైపు, బయటి దారి వైపు ఉండేలా నిలపండి. ముందు చక్రాల కింద మ్యాట్లు అప్పుడే వేసుకుంటే పొద్దున పని తప్పుతుంది.

డర్‌నెస్‌లో సాంగో సాండ్స్ క్యాంప్‌సైట్ సముద్రపు కొండ అంచున ఉంది, గాలి నేరుగా తగులుతుంది. బండి ముక్కు గాలికి ఎదురుగా పెట్టండి, పందిరి బయటికి లాగి పరచకండి. వాన వెలిసి గాలి ఆగిన వేసవి సాయంత్రం మిడ్జెస్ అనే సన్నటి దోమలు లేస్తాయి, తలుపు తీస్తే వందల్లో లోపలికొస్తాయి.

మద్యం సంగతి: స్కాట్లాండ్ హద్దు ఇంగ్లండ్ కంటే తక్కువ. 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాములే, ఇంగ్లండ్‌లో 80. రాత్రి తాగినది పొద్దునా లెక్కలోకి వస్తుంది.

11. తరచూ జరిగేవి, సరిచేసుకోవడం

ఎడమ చక్రం తారు దిగింది, బండి ఇంకా కదులుతోంది. స్టీరింగ్ కుడికి గబుక్కున తిప్పొద్దు. తారు అంచు చక్రాన్ని పట్టి ఉంచి, ఒక్కసారిగా వదిలేస్తుంది, బండి అవతలివైపు దూకుతుంది. కాలు తీసి, నేరుగా పోనిచ్చి, ఆగండి. దిగి చూసి, తారుకూ నేలకూ ఎత్తు తేడా తక్కువున్నచోట మెల్లగా ఎక్కించండి.

రెండు కుటుంబాలు రెండు బండ్లలో వెనకెనకే వెళ్లడం. పాసింగ్ ప్లేసులో రెండు మోటార్‌హోములు పట్టవు, రెండోది రోడ్డు మీద ఉండిపోతుంది. మొదటి బండి వెళ్లాక పదిహేను నిమిషాలకు రెండోది కదలాలి. డర్‌నెస్‌లో కలుసుకోండి.

ఎదుటివాడు ఆగినచోట మీరు అందుకోలేక మధ్యలో చిక్కడం. ఎవరికి పాసింగ్ ప్లేసు దగ్గరో వాళ్లే వెనక్కి పోవాలి. కానీ ఎదుటిది క్యారవాన్ లాగే కారో, పెద్ద లారీయో అయితే దూరమైనా మీరే పోవాలి.

బ్యాటరీ చార్జి అయిపోవడం. వానలో సోలార్ పలక నింపేది శూన్యమే. సాధారణ లెడ్ బ్యాటరీ 12.2 వోల్టులు చూపిస్తే సగం అయిపోయినట్టు, అక్కడే వాడకం ఆపాలి. రైస్ కుక్కరు ఇన్వర్టర్ మీద పెట్టకండి, కరెంటు కనెక్షన్ ఉన్న స్థలంలోనే.

12. ఊబిలో దిగిపోతే

1. చక్రం తిరుగుతూ బండి కదలకపోతే వెంటనే ఆపండి. ప్రతి సెకనుకూ ఇంకొంచెం లోతుకు దిగుతుంది.
2. హజార్డ్ లైట్లు వేసి, అందరినీ కోట్లు తొడిగించి, రోడ్డుకు దూరంగా గట్టి చోట నిలబెట్టండి.
3. నీళ్ల ట్యాంకులో మంచినీళ్లుంటే వదిలేయండి. 40 లీటర్లు పోతే 40 కిలోలు తగ్గుతుంది. టాయిలెట్ క్యాసెట్టు, వాడిన నీళ్లు మాత్రం అక్కడ వదలొద్దు.
4. చక్రానికి ముందు, మీరు కదలాల్సిన వైపు మట్టి తవ్వి పల్లంగా చేయండి. మ్యాటు అంచు టైరు కిందికి దూరేదాకా నొక్కండి.
5. స్టీరింగ్ నేరుగా పెట్టి, రెండో గేరులో, క్లచ్ మెల్లగా వదలండి. మ్యాటు వెనుక ఎవరూ నిలబడకూడదు, అది రాయిలా ఎగిరి వస్తుంది.
6. రెండుసార్లు ప్రయత్నించి రాకపోతే మానండి. బండి ఒరిగి ఉంటే ఒక్కసారి కూడా వద్దు.
7. అద్దె సంస్థ రికవరీ నంబరుకు ఫోన్ చేయండి. సిగ్నల్ లేకపోతే మొదట వచ్చిన స్థానికుణ్ణి ఆపి, మీరున్న చోటు రాసిన కాగితం ఇవ్వండి. ఏ సరస్సు పక్కన ఉన్నారో, చివరగా దాటిన ఊరి పేరేమిటో, అక్కడినుంచి ఎన్ని మైళ్లు వచ్చారో రాస్తే సరిపోతుంది.
8. ప్రాణాపాయం లేదా రోడ్డు పూర్తిగా మూసుకుపోతే 999.

రికవరీ లారీ రావడానికి గంటలు పడుతుంది. బండి నిటారుగా, రోడ్డుకు ఓరగా ఉంటే లోపలే కూర్చోవచ్చు. ఇంజను నడుపుతూ కూర్చుంటే మాత్రం పొగగొట్టం బురదలో కూరుకుపోలేదని ముందు దిగి చూసుకోండి.